షూటింగుకు పోయే ముందు



నేనిప్పుడు కూర్చుని మాట్లాడుతున్న గదికి ఒక్క కిటికీ కూడా లేదు. గోడల నిండా చిల్లులున్న అట్టలు, కింద తివాచీ, నా ముందు ఒక మైకు, ఒక పక్క గాజు పలక, ఆ పలకకు అవతల నా గొంతును రికార్డు చేస్తున్న ఇంజనీరుగారు. తలుపు మామూలు ఇళ్ళ తలుపులకు రెండింతలు మందం ఉంటుంది. అది మూసుకుంటే బయట లారీ హారను కొట్టినా లోపలికి వినబడదు, లోపల మనిషి అరిచినా బయటికి వినబడదు. మొదటిసారి ఈ గదిలోకి వచ్చినప్పుడు, మా బడికి అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చి పిల్లలకు చెప్పిన పాఠం గుర్తొచ్చి, "సార్, కరెంటు పోతే చీకట్లో తలుపు ఎటు పక్క?" అని అడిగాను. ఆయన నవ్వి, "మేష్ట్రు గదా, అన్నీ అడుగుతారు" అంటూనే తలుపు పైన బ్యాటరీతో వెలిగే చిన్న పచ్చ దీపాన్నీ, నడవాలో వేలాడుతున్న ఎర్ర సిలిండరునూ చూపించారు.

అప్పటి నుంచి ఈ సంగతి గురించి మీతో మాట్లాడాలని అనుకుంటూ ఉన్నాను. సినిమాలు, సీరియళ్ళు, పాటల వీడియోలు తీసే చోట ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి, ఎవరికి జరుగుతాయి, అక్కడికి మన పిల్లలు పోతే మనం ఏమి అడగాలి అనేదే ఈ రోజు విషయం.

స్టూడియో అంటే బయటి శబ్దమూ, బయటి వెలుతురూ లోపలికి రాకుండా కట్టుకున్న గది. శబ్దాన్ని ఆపే గోడ గాలినీ ఆపుతుంది. గాలి ఆడని చోట పొగ బయటికి పోదు. చెప్పుకుంటే చిన్న సంగతే. కాని 1989లో మైసూరులో జరిగిన ఘోరమంతా ఈ చిన్న సంగతి దగ్గరే మొదలయింది.

దూరదర్శన్‌లో 1990లో వచ్చిన టిప్పు సుల్తాన్ సీరియల్ మీలో పెద్దవాళ్ళకు బాగా గుర్తుండే ఉంటుంది. వీధికి ఒక టీవీ ఉన్న రోజులు. టిప్పు పుట్టింది మన పక్కనున్న దేవనహళ్ళిలో, ఆయన వేసవి విడిది మన నంది కొండ మీద. అందుకని అది మనవాళ్ళకు ఇంటి కథలాగే ఉండేది. ఆ సీరియల్ మొదలు కావడానికి ముందు సంవత్సరం, 1989 ఫిబ్రవరి 8న, మైసూరు ప్రీమియర్ స్టూడియోలో దాని షూటింగు జరుగుతూ ఉండగా సెట్టుకు నిప్పంటుకుంది. 62 మంది చనిపోయారు. టిప్పు వేషం వేస్తూ దర్శకత్వం కూడా చేస్తున్న సంజయ్ ఖాన్ ఒళ్ళు తీవ్రంగా కాలిపోయింది. ఆయన 13 నెలలు ఆస్పత్రిలో ఉండి, 70కి పైగా శస్త్రచికిత్సలు చేయించుకుని బతికి బయటపడ్డారు. మిగతా దర్శకత్వం ఆయన తమ్ముడు అక్బర్ ఖాన్ చూసుకున్నారు.

నిప్పు ఎలా పుట్టింది, ఎలా పాకింది అన్నదానికి అప్పుడు చెప్పిన కారణాలు చూడండి. వైరింగు వదులుగా ఉంది. గాలి పోయే దారి లేదు. గోడలకు గోనెపట్టాలు కట్టి ఉన్నారు. మంటలార్పడానికి ఉన్నది కొంచెం ఇసుక, కొన్ని బకెట్ల నీళ్ళు. ఆ పైన పెద్ద పెద్ద దీపాల వేడి. ఇందులో ఏ ఒక్కటీ మనకు తెలియని వస్తువు కాదు. మన మండీలో గోనెసంచులు ఉన్నాయి, మన ఇళ్ళలో వదులు వైర్లు ఉన్నాయి. కాని అన్నీ ఒకే గదిలో, తలుపు మూసి, వందలాది మందిని నిలబెట్టి ఉంచితే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం. ఆ రోజుల్లో సెట్టులో వాడే పెద్ద బల్బు 5 కిలోవాట్లదైతే, అది తీసుకునే కరెంటులో పదింట తొమ్మిది వంతులకు పైగా వేడిగానే బయటికి వస్తుంది, వెలుతురుగా మారేది చాలా తక్కువ. మన ఇంట్లో బట్టలకు వాడే ఇస్త్రీ పెట్టె 1 కిలోవాటు అనుకోండి. అలాంటి దీపాలు పది పెడితే దాదాపు యాభై ఇస్త్రీ పెట్టెలు ఒక గదిలో పొద్దస్తమానం కాలుతున్నట్టు. ఇక వదులు వైరు. బిగువుగా లేని అతుకు దగ్గర కరెంటుకు అడ్డు ఎక్కువై, అక్కడ వైరు వేడెక్కుతుంది. ముందు ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత నిప్పురవ్వ. ఆ రవ్వ నేల మీద పడితే ఆరిపోతుంది. ఎండిన గోనె మీద పడితే ఆరదు. గోనె జనుము కదా, చలిమంట వేసేవాళ్ళకు అది ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పనక్కరలేదు. శబ్దం తగ్గించడానికి చవగ్గా దొరుకుతుందని దాన్ని కట్టేవాళ్ళు. ఇప్పుడు మంచి స్టూడియోల్లో ఇందుకు రాయిని కరిగించి దారాలుగా తీసిన ఉన్నిలాంటిది వాడతారు, అది మండదు.

గది తగలబడినప్పుడు మనుషులను మొదట చంపేది మంట కాదు, పొగ. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చేలోగానే కాళ్ళు తడబడతాయి, ఎటు పోవాలో తెలియదు. వేడి పొగ పైకి పోతుంది కాబట్టి నేలకు దగ్గర గాలి కాస్త మంచిగా ఉంటుంది. అందుకే వంగి, వీలైతే పాకుతూ, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని తలుపు వైపు పోవాలంటారు. కాని తలుపు ఎటువైపో ముందే చూసి పెట్టుకున్నవాడికే కదా ఆ సలహా పనికొచ్చేది.

ఇంకొక మాట చెప్పాలి. మైసూరుకు ఏడేళ్ళ ముందు, 1982 జూలైలో, బెంగుళూరులో 'కూలీ' సినిమా పోరాట దృశ్యం తీస్తుండగా అమితాబ్ బచ్చన్ కడుపుకు టేబులు అంచు తగిలింది. బయటికి రక్తం లేదు, పెద్ద గాయమూ కనబడలేదు. లోపల పేగు చిట్లింది. బెంగుళూరులో ఆపరేషను చేసి బొంబాయికి తీసుకుపోయారు, నెలల తరబడి ప్రాణాలతో పోరాడారు. దేశమంతా గుళ్ళలో పూజలు, దర్గాల్లో ప్రార్థనలు. అది తప్పని నేను అనను. కాని మైసూరులో పోయిన 62 మందిలో ఒక్కరి పేరైనా మనలో ఎందరికి తెలుసు? వాళ్ళలో ఎక్కువమంది దీపాలు మోసేవాళ్ళు, సెట్టు పనివాళ్ళు, గుంపులో నిలబడడానికి వచ్చినవాళ్ళు. వచ్చే ప్రమాదం ఎక్కువగా దినకూలికి వచ్చినవాళ్ళ మీద, ఊరకే చూడ్డానికి వచ్చినవాళ్ళ మీద పడుతుంది. మనం ఆ రెండు రకాలలోనే ఉన్నాం. అందుకే ఈ విషయం మన రేడియోలో చెప్పాల్సి వచ్చింది.

మన జిల్లాకూ సినిమాలకూ ఏమి సంబంధం అని కొందరు అనుకోవచ్చు. బెంగుళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి గంటన్నర ప్రయాణం. కొండ కావాలంటే నంది ఉంది, కోట కావాలంటే గుడిబండ ఉంది, గుహ కావాలంటే చింతామణి పక్కన కైలాసగిరి ఉంది, పాతకాలపు బండలూ బయళ్ళూ కావాలంటే బాగేపల్లి తాలూకాలో ఎటు చూసినా అవే. పెద్ద యూనిట్లు సరే, ఇప్పుడు మన ఊరి పిల్లకాయలే చేతిలో ఫోను, అద్దెకు తెచ్చిన డ్రోను పెట్టుకుని పాటలు తీస్తున్నారు, చిన్న సినిమాలు తీస్తున్నారు. పెండ్లి వీడియోవాళ్ళు సరేసరి. పని చిన్నదైనా పెద్దదైనా కరెంటు, నిప్పు, నీళ్ళు, ఎత్తు అవే. పెద్ద యూనిట్లో భద్రత చూసే మనిషి ఒకడన్నా ఉండవచ్చు. మన పిల్లకాయల గుంపులో ఎవడూ ఉండడు.

ముందు చూసేవాళ్ళ సంగతి. బెంగుళూరు విమానాశ్రయానికి దగ్గర బాగలూరు మనకు తెలిసిన ఊరే. అక్కడ 2019 మార్చి 29న ఒక కన్నడ సినిమాకు కారు పేలే దృశ్యం తీస్తున్నారు. దానికోసం పెట్టిన సిలిండరు పేలి, నిలబడి చూస్తున్న ఒక తల్లీ, ఆమె చిన్న కూతురూ చనిపోయారు. ఆ సినిమాకూ వాళ్ళకూ ఏ సంబంధమూ లేదు. దారిన పోతూ చూడ్డానికి ఆగారు, అంతే. మనం అందరమూ అలా ఆగినవాళ్ళమే. నేను కూడా పిల్లలను సైకిలు మీద కూర్చోబెట్టుకుని షూటింగు చూడ్డానికి పోయినవాణ్ణే.

పేలుడు పదార్థం సంగతి మన జిల్లాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2021 ఫిబ్రవరిలో పేరేసంద్ర దగ్గర హిరేనాగవల్లిలో క్వారీకి తెచ్చిన జిలెటిన్ పేలి ఆరుగురు పోయారు. క్వారీలో పేలుడుకు ముందు సైరను వేస్తారు, ఎర్ర జెండా చూపుతారు, మనం దూరంగా పోతాం. సినిమాలో పేలుడంటే మాత్రం మనం దగ్గరికి పోతాం. సినిమాది ఉత్తుత్తి పేలుడని మన నమ్మకం. కెమెరాకు కనబడే మంట ఉత్తుత్తిది కావచ్చు. మూసిన డబ్బాలో గాలి వేడెక్కి, ఆ డబ్బా రేకు ముక్కలై ఎగిరేటప్పుడు ఆ ముక్కకు ఇది సినిమా అని తెలియదు. కాబట్టి అక్కడ తాడు కట్టి ఉంటే దాని బయటే నిలబడండి. తాడే కట్టి లేదంటే ఆ యూనిట్టు మీ గురించి ఆలోచించలేదని అర్థం. అలాంటి చోట పిల్లలతో నిలబడవద్దు, ఇంటికి పొండి.

ఇక కరెంటు. 2021 ఆగస్టు 9న రామనగర జిల్లా బిడది పక్కన ఒక తోటలో కన్నడ సినిమా పోరాటం తీస్తూ ఉన్నారు. మనిషిని పైకి లాగడానికి క్రేనూ, ఇనుప తాడూ వాడారు. పైన 11 కిలోవోల్టుల లైను పోతూ ఉంది. అది తగిలి ఒక యువ ఫైటరు అక్కడే ప్రాణం విడిచాడు, తోటివాళ్ళకు దెబ్బలు తగిలాయి. మన ఇంట్లో ఉండేది 230 వోల్టులు. 11 కిలోవోల్టులంటే 11,000. దాదాపు 48 ఇళ్ళ కరెంటు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఒత్తిడి. ఆ లైనుకు తొడుగు ఉండదు. అసలు తగలనక్కర కూడా లేదు, బాగా దగ్గరికి పోతే గాలిలోనే దూకుతుంది. మన టమాటా తోటల మీద, వేరుశెనగ చేల మీద, బోరుబావుల పక్కన ఈ లైన్లు ఎన్ని పోతున్నాయో మీకు తెలుసు. మామిడికాయలు కోసే ఇనుప గడ తగిలి పోయినవాళ్ళ కథలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. క్రేను, నిచ్చెన, మైకు కట్టిన పొడవాటి గడ, డ్రోను, ఏదైనా సరే ఆ లైనుకు 10 అడుగుల లోపలికి పోనే కూడదు. ఇంకా దూరం ఉంటే మరీ మంచిది. ఎవరైనా మీ తోటను షూటింగుకు అడిగితే ముందు తలెత్తి పైకి చూడండి. లైను ఉంటే "అన్నా, ఆ మూలన వద్దు" అని చెప్పే హక్కు తోట యజమానిగా మీకు ఉంది.

షాకు తగిలినవాణ్ణి చూసి ఉరికి పట్టుకోవడం మన మంచితనం, కాని అలా పట్టుకునే రెండో మనిషీ పోతాడు. ఇంటి లైనైతే ముందు మెయిను ఆపండి. ఆపే వీలు లేకపోతే పొడి కట్టెతో వైరును తోసేయండి. ఈ పొడి కట్టె ఉపాయం ఇంటి కరెంటుకే పని చేస్తుంది. పెద్ద లైనుకు పొడి కట్టె కూడా కరెంటును ఆపలేదు. అక్కడ దూరంగా నిలబడి 1912కు ఫోను చేసి బెస్కాంవాళ్ళ చేత లైను ఆపించడం ఒక్కటే దారి. తెగిన వైరు నేల మీద పడి ఉంటే ఆ చుట్టూ నేలలో కూడా కరెంటు ఉంటుంది. పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ ఆనించి, కొంచెం కొంచెంగా జరుగుతూ వెనక్కి రావాలి.

పెండ్లి వీడియోవాళ్ళకు కూడా ఒక మాట. ఇప్పుడు చాలామంది ఎల్‌ఇడి దీపాలు వాడుతున్నారు, వేడి బాగా తగ్గింది, సంతోషం. పాత హాలోజను దీపం ఇంకా వాడేవాళ్ళుంటే దాన్ని పందిట్లో తాటాకులకూ, గుడ్డ తోరణాలకూ దూరంగా పెట్టుకోండి. వైరు అతికించి పైన టేపు చుట్టి, దాన్ని జనం తొక్కే దారిలో చాప కింద పరచడం మన దగ్గర మామూలైపోయింది. ఆ చాప కింద వేడి పోయే దారి లేదు. కరెంటు పోయిందని జనరేటరును కల్యాణ మంటపం వరండాలోకి తెచ్చి పెట్టేవాళ్ళు ఉన్నారు. నేను ముందు చెప్పిన ఆ రంగూ వాసనా లేని గాలే జనరేటరు గొట్టంలోంచి కూడా వచ్చేది. వాన పడుతున్నా సరే, దాన్ని ఆరుబయట, కిటికీలకు దూరంగానే ఉంచాలి.

నీళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2016 నవంబరు 7న బెంగుళూరుకు పడమటి వైపున్న తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక సినిమా చివరి దృశ్యం కోసం ముగ్గురు నటులు హెలికాప్టరు నుంచి నీళ్ళలోకి దూకారు. హీరో బయటపడ్డాడు. ప్రతినాయకుల వేషం వేసిన ఇద్దరు యువకులు మునిగిపోయారు. తమకు ఈత సరిగ్గా రాదని వాళ్ళు దూకడానికి ముందే చెప్పుకున్నట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు బాధ కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. అంతమంది మధ్యలో ఒక్కరన్నా "అయితే వద్దు" అని ఎందుకు అనలేకపోయారు? అవకాశం పోతుందని ఆ పిల్లల భయం. ఆలస్యమైతే హెలికాప్టరు అద్దె పెరుగుతుందని ఇంకొకరి భయం. మన పాత క్వారీ గుంతల్లో వాన నీళ్ళు నిండి చూడ్డానికి పచ్చగా అందంగా ఉంటాయి, పాట తీయడానికి పిల్లకాయలు అక్కడికే పోతారు. క్వారీ గుంతకు చెరువులాగా వాలు ఉండదు. ఒక అడుగు నీళ్ళలో నిలబడినవాడికి పక్క అడుగులో నలభై అడుగుల లోతు ఉండవచ్చు.

ఇప్పుడు బడి పిల్లల సంగతికి వస్తాను. ఇది చెప్పడం నాకు అంత సులభం కాదు.

పది పదిహేనేళ్ళ కిందట మాట. మా బడి ఉన్న ఊరికి ఒక యూనిట్టు వచ్చింది. బడి దృశ్యానికి యూనిఫారంలో ముప్పై మంది పిల్లలు కావాలన్నారు. ఒక్కొక్కరికి వంద రూపాయలు, భోజనం, పైగా సినిమాలో కనబడతారు. తల్లిదండ్రులు సంబరపడిపోయారు. నేనూ సంబరపడ్డాను, ఎందుకు దాచాలి? శనివారం మధ్యాహ్నం అన్నారు, ఆదివారం పొద్దున ఏడు గంటలకు వచ్చారు. బండ మీద నుంచి పిల్లలు గుంపుగా కిందికి ఉరికి రావాలి. ఒకసారి ఉరికించారు, చాలలేదు. మళ్ళీ, మళ్ళీ. మధ్యాహ్నం రెండయినా భోజనం రాలేదు. నీళ్ళ డ్రము పెద్ద నటుల గుడారం దగ్గర ఉంది, పిల్లల దగ్గర లేదు. ఎండకు బండ కాలిపోతూ ఉంది. ఎన్నోసారో నాకే లెక్క తప్పింది, ఆరో తరగతి పిల్లవాడు ఒకడు కాలు జారి పడ్డాడు. ముంజేయి ఎముక విరిగింది.

యూనిట్టులో ప్రథమ చికిత్స పెట్టె ఉందా అంటే ఉంది, దాంట్లో తలనొప్పి మాత్రలు ఉన్నాయి. రెండు అట్ట ముక్కలు, నా తుండుగుడ్డ పెట్టి చేయి కట్టి, వాళ్ళ జీపులోనే తాలూకా ఆస్పత్రికి తీసుకుపోయాము. మేనేజరు ఐదు వందల రూపాయలు నా చేతిలో పెట్టి "చూసుకోండి మేష్ట్రే" అన్నాడు. మరుసటి రోజు పొద్దున వాళ్ళు ఊళ్ళో లేరు. ఆ పిల్లవాడి తల్లి బీడీలు చుట్టే ఆమె. నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మిమ్మల్ని నమ్మి పంపితిమి కదా మేష్ట్రా" అని మాత్రం అనింది. ఆ చేయి అతుక్కున్నది గాని కొంచెం వంకరగానే అతుక్కున్నది. వాడు ఇప్పుడు పెద్దవాడై బెంగుళూరులో పని చేసుకుంటున్నాడు, ఎదురుపడితే నమస్కారం పెడతాడు. ఆ పెట్టే చేయి వైపు నేను చూడలేను.

అప్పుడు ఏమి అడగాలో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు, చట్టమూ ఉంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నియమాలు చేశారు. 14 ఏళ్ళ లోపు పిల్లలను సినిమాలో, సీరియల్లో, ప్రకటనలో వాడుకోవాలంటే నిర్మాత ముందుగా ఆ జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే డీసీగారి అనుమతి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి ఇవ్వకుండా వరుసగా 3 గంటలకు మించకూడదు. ఐదుగురు పిల్లలకు మించకుండా వాళ్ళను చూసుకోవడానికి ఒక బాధ్యత గల మనిషిని పెట్టాలి. చదువు చెడగొట్టకూడదు, వరుసగా 27 రోజులకు మించి వాడకూడదు. పిల్లకు ఇష్టం లేకపోతే బలవంతం చేయకూడదు. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరు మీద జాతీయ బ్యాంకులో డిపాజిటు వేయాలి. మా ముప్పై మంది పిల్లలకు ఈ లెక్కన ఆరుగురు మనుషులు ఉండాలి. ఆ రోజు ఉన్నది నేనొక్కణ్ణి, నేనూ షూటింగు చూస్తూ నిలబడ్డాను.

మొన్నటి సంవత్సరం ఒక ఏజెంటు మళ్ళీ బడికి వచ్చాడు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, "డీసీ ఆఫీసు అనుమతి కాగితం ఒకటి చూపించండి సార్" అన్నాను. "చిన్న షాటు సార్, దానికెందుకు కాగితం" అన్నాడు. "చిన్న షాటైతే చిన్న కాగితమే తెండి" అన్నాను. టీ తాగి పోయాడు, మళ్ళీ రాలేదు. కొందరు తల్లిదండ్రులకు నా మీద కోపం వచ్చింది, పిల్లలకు ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ కోపం ఎన్నాళ్ళయినా ఉండనీ అనుకున్నాను.

పెద్దవాళ్ళు కూలికి పోతే అడగవలసినవీ ఉన్నాయి. లైటు మోయడానికో, గుంపులో నిలబడడానికో, వంటకో పిలుస్తారు. ఎవరి పేరు మీద పోతున్నారో, ఎన్ని గంటలో, ఎంత కూలో కాగితం మీద రాయించుకోండి. సినిమా పనివాళ్ళకు రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981 నాటి చట్టంలోనే ఉండేది, 2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మిక నియమావళిలో కూడా ఆ మాట ఉంది. కాగితం లేనివాడికి దెబ్బ తగిలితే, ఆ రోజు వాడు అక్కడ పనిలో ఉన్నాడని రుజువు చేయడమే కష్టం. పోయిన తర్వాత తలుపు ఎటు, నీళ్ళు ఎక్కడ, ఎర్ర సిలిండరు ఎక్కడ అని ఒకసారి కంటితో చూసుకోండి. పైన బరువు వేలాడుతుంటే దాని కింద నిలబడవద్దు. 2020 ఫిబ్రవరి 19న చెన్నై దగ్గర 'ఇండియన్ 2' సినిమా సెట్టులో పెద్ద దీపాలు కట్టిన క్రేను కూలి ముగ్గురు చనిపోయారు. వాళ్ళు పోరాట దృశ్యంలో లేరు, పనిలో ఉన్నారు.

రాత్రంతా షూటింగు చేసి తెల్లవారుజామున బండి నడపడం ఇంకొక అలవాటు. కన్నడ నటుడు శంకర్ నాగ్ గారు 1990 సెప్టెంబరు 30న షూటింగుకు పోతూ దావణగెరె దగ్గర ఆనగోడు వద్ద కారు ప్రమాదంలో పోయారు. దానికి కారణం నిద్రలేమి అని నేను అనడం లేదు. కాని మన హైవేలో బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం వరకు తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య ఎన్ని బండ్లు నిలిచిన లారీల వెనక దూరుతున్నాయో మీరే చూస్తున్నారు. రాత్రి పని చేసిన డ్రైవరు కనీసం కొన్ని గంటలు నిద్రపోయేదాకా ఆ వ్యాను ఎక్కవద్దు. దానికి ఆ యూనిట్టు వాళ్ళు ఒప్పుకోకపోతే పొద్దున మొదటి బస్సు ఉంటుంది.

చివరగా కాలిన గాయం గురించి. బట్టలకు నిప్పంటుకుంటే ఉరకకూడదు, ఉరికితే గాలికి మంట పెరుగుతుంది. అక్కడే నేల మీద పడి దొర్లాలి, పక్కవాళ్ళు కంబళి కప్పాలి. కాలిన చోట ఇరవై నిముషాలు మామూలు నీళ్ళు ధారగా పోయాలి. మంచుగడ్డ వద్దు. పసుపు, సిరా, టూత్‌పేస్టు, కోడిగుడ్డు ఏదీ పూయవద్దు. ఆ తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోను చేయాలి. కడుపుకో తలకో గట్టి దెబ్బ తగిలి, బయటికి ఏమీ కనబడకపోయినా, మనిషి మగతగా ఉన్నా, వాంతి చేసుకున్నా, కడుపు గట్టిపడినా ఆలస్యం చేయవద్దు. బెంగుళూరులో ఆ పెద్ద నటుడికి కూడా మొదట బయటికి ఏమీ కనబడలేదు.

అవతల గాజు పలక నుంచి ఇంజనీరుగారు రెండు వేళ్ళు చూపిస్తున్నారు, ఇంకా రెండు నిముషాలే ఉన్నట్టుంది. డీసీ ఆఫీసుకు పెట్టుకునే అర్జీ ఎలా రాయాలో తెలియని తల్లిదండ్రులు, మీ ఊరి బడి మేష్ట్రును అడగండి, కన్నడంలో రాసి ఇస్తారు. కరెంటు లైనుకు 1912, అంబులెన్సుకు 108, పోలీసుకైనా అగ్నిమాపక దళానికైనా 112. ఈ మూడు నంబర్లూ మా బడి గోడ మీద తెలుగులోనూ కన్నడంలోనూ పెద్ద అక్షరాలతో రాయించాము. మీ పంచాయతి ఆఫీసు గోడ ఖాళీగా ఉంటే అక్కడా రాయించండి.

సెలవు. నమస్కారం.